కొత్తిమీర పూల మీది చిట్టి కందిరీగలు: గుర్తుపట్టడం ఎలా

కొత్తిమీర పూతకొచ్చిందంటే చాలామంది ముదిరిపోయిందని పీకి పారేస్తారు. ఈసారి ఓ నాలుగు మొక్కలు వదిలేయండి. ఆ తెల్లటి గొడుగు పూల మీదికి పొద్దున్నే వచ్చే పురుగుల్ని గుర్తుపట్టడం వస్తే, మీ మిద్దె తోటలో పేనుబంకకీ, పిండినల్లికీ, గొంగళిపురుగులకీ శత్రువులెవరో తెలిసిపోతుంది. ఈగ, దోమ, రెక్కల చీమ అని మనం తోసిపారేసే వాటిలో పరాన్నజీవి కందిరీగలు చాలానే ఉంటాయి.

నేను రాజమండ్రిలో ఉంటాను. మెడికల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఏళ్ల తరబడి రక్తపు స్లైడ్లు చూసిన కళ్లు కదా, చిన్నదేదైనా కనిపిస్తే పట్టుకుని చూడకపోతే ఊరుకోవు. పుట్టిల్లు అంబాజీపేట దగ్గర. అక్కడ మా తమ్ముడు కొబ్బరి తోట చూసుకుంటాడు. ఈ రెండు చోట్లా కనిపించే వాటి గురించే రాస్తున్నాను. పురుగుల శాస్త్రం చదివిన మనిషిని కాను కాబట్టి, భూతద్దంతో ఇంట్లో కూర్చుని ఎంతవరకు తేల్చుకోవచ్చో అంతవరకే చెబుతాను.

ముందు ఒక మాట. కందిరీగ అనగానే చూరుకింద గూడు కట్టి ముఖం వాచేలా కుట్టేదే గుర్తొస్తుంది. ఇవి గూళ్లు కట్టవు, గుంపులుగా ఉండవు. ఆడది వెళ్లి వేరే పురుగు ఒంట్లోనో, ఒంటి మీదో, ఆ పురుగు పెట్టిన గుడ్డులోనో తన గుడ్డు పెడుతుంది. అందులోంచి వచ్చిన పిల్లపురుగు ఆ పురుగును తిని పెరిగి, దాన్ని చంపి బయటపడుతుంది. పంట పొలాల్లో వీటినే బదనికలు అంటారు, మిత్రపురుగుల లెక్కలో వేస్తారు. పూల మీద కనిపించేవి మనల్ని కుడతాయేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. రాత్రిపూట లైటు దగ్గరికొచ్చే నారింజరంగు పొడుగు కాళ్ల రకాన్ని చేత్తో నొక్కి పట్టుకుంటే మాత్రం సూదితో పొడవగలదు.

ఏ పూలు, ఏ వేళ

పెద్దయ్యాక వీటికి తేనె కావాలి. నోరేమో పొట్టి. గన్నేరు లాంటి లోతైన పువ్వు అడుగున ఉన్న తేనె అందదు. తేనె పైపైనే మెరుస్తూ కనిపించే చిన్న పూలు కావాలి. కొత్తిమీర, సోంపు, సోయికూర, వాము, పీకకుండా వదిలేసిన క్యారెట్, ఇవన్నీ ఒకే కుటుంబం. వీటిని మించిన చోటు లేదు. వాము అంటే గింజల వాము, కుండీలో మందంగా పెరిగే వామాకు కాదు. ఆ తర్వాత ఆవ, ముల్లంగి, కరివేపాకు పూత, తులసి వెన్నులు. ముద్దబంతి కుండీ ఎంత అందంగా ఉన్నా దాని ముందు కూర్చుంటే పొద్దు వృథా.

పువ్వే అక్కర్లేని మొక్కలూ ఉన్నాయి. అలసంద పూకాడ మీద, ఆముదం ఆకు కాడ మీద, పత్తి ఆకు అడుగు ఈనె మీద చిన్న తేనె గ్రంథులుంటాయి. ఆముదం ఆకు ఒకటి తిప్పి, కాడ ఆకును కలిసే చోట ఉన్న బొడిపెల్ని చూడండి. చీమలతో పాటు ఈ కందిరీగలూ అక్కడ తచ్చాడుతుంటాయి.

మంచు ఆరి, ఎండ ఇంకా చురుక్కుమనని వేళ మంచిది. మా వైపు చలికాలంలో ఏడున్నర నుంచి పది దాకా. ఎండాకాలమైతే ఏడు లోపే పని ముగించుకోవాలి. గాలి వీస్తుంటే దిగకండి, ఒక్కటీ నిలవదు. కార్తీకం నుంచి మాఘం దాకా చిక్కుడుకీ ఆవకీ పేనుబంక పట్టి ఉంటుంది, కొత్తిమీర కూడా పూతలో ఉంటుంది కాబట్టి నేర్చుకునేవాళ్లకు అదే మంచి కాలం.

కుండీ పక్కన పీట వేసుకోండి. మీ నీడ పూల మీద పడకూడదు. పూలగుత్తిలో ఒక్కదాన్నే చూస్తూ కూర్చోండి. చూపు అటూ ఇటూ తిప్పితే తేనెటీగలూ సీతాకోకచిలుకలూ తప్ప ఇంకేం కనబడవు. కాసేపటికి పూల మధ్య నలకలు అనుకున్నవి కదలడం మొదలవుతుంది.

సామాను పెద్దగా ఏం లేదు. కంసాలి వాడే పదింతల భూతద్దం ఒకటి. దాన్ని పేపరు చదివినట్టు చేయి చాచి పట్టుకుంటే ఏమీ కనబడదు. అద్దాన్ని కంటికి ఆనించుకుని, చూడాల్సిన దాన్ని అద్దం దగ్గరికి తెచ్చుకోవాలి. రెండోది తెల్ల ప్లేటు. పూలగుత్తి కింద పెట్టి కాడ మీద వేలితో తడితే ఉన్నవన్నీ ప్లేటులో పడతాయి. మూడోది మూత ఉన్న చిన్న గాజు సీసాలు. నా దగ్గరింకో సాధనం ఉంది. సెలైన్ గొట్టం ముక్కకి ఒక చివర పల్చటి మస్లిన్ గుడ్డ చుట్టి, దాని మీద లావుపాటి స్ట్రా తొడుగుతాను. గొట్టం నోట్లో పెట్టుకుని మెల్లగా పీలిస్తే పురుగు స్ట్రాలోకి వచ్చి గుడ్డ దగ్గర ఆగిపోతుంది. సీసాలోకి ఊదితే అయిపోయింది. వేళ్లతో పట్టుకుంటే మాత్రం చివరికి నలిగిన రెక్క ఒకటి మిగులుతుంది.

సీసాను ఫ్రిజ్ కింది అరలో ఓ ఐదు నిమిషాలు పెడితే పురుగు మందగిస్తుంది. ఆలోపు అద్దంతో చూసుకుని మళ్లీ పూల మీదే వదిలేయొచ్చు. డీప్ ఫ్రీజర్‌లో పెడితే మాత్రం చచ్చిపోతుంది.

సైజు వెంటనే రాసుకోవాలి. మిల్లీమీటర్లు కంటికి అందవు కనుక నేను వంటింటి గింజలతో కొలుస్తాను. బియ్యపు గింజంటే సుమారు ఆరు మిల్లీమీటర్లు, నువ్వుగింజ మూడు, చిన్న ఆవగింజ ఒకటిన్నర, గసగసం ఒకటికి కాస్త తక్కువ. పూల మీద మామూలుగా కనిపించేవి నువ్వుకీ గసగసానికీ మధ్య ఉంటాయి.

ఈగలను, చీమలను పక్కన పెట్టడం

ప్లేటులో పడినవాటిలో ఎక్కువ ఈగలే ఉంటాయి. ఈగకి రెండే రెక్కలు, కందిరీగకి నాలుగు. చెప్పడానికి బాగానే ఉంటుంది గానీ వీటి వెనక రెక్కలు ముందు రెక్కలకి కొక్కేలతో తగిలించుకుని ఉంటాయి, కాబట్టి బతికున్న పురుగులో నాలుగూ లెక్కపెట్టడం కష్టం. మీసాలు చూడటం తేలిక. పూల మీది ఈగలకి మీసాలు పొట్టిగా, ముఖం మీద రెండు మొలకల్లా ఉంటాయి. కందిరీగకి స్పష్టంగా పొడవుంటాయి, ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. రెండోది నడుము. రొమ్ముకీ పొట్టకీ మధ్య సన్నగా నొక్కుకుపోయి ఉంటే కందిరీగ వైపు మొగ్గవచ్చు.

నడవడిక కూడా చెబుతుంది. ఈగ ఆగిన చోట ముందు కాళ్లు రుద్దుకుంటుంది. కందిరీగ ఆకు మీద మీసాలు టకటకా కొడుతూ, వాసన పడుతూ, ఏదో పోగొట్టుకున్నట్టు తిరుగుతుంది. ఆకు మీద అలా మీసాలతో తడుముకుంటూ పోయేది కనిపిస్తే ఇంకేం చూడకుండానే నేను సీసా మూత తీస్తాను.

మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. పచ్చగా, రాగి రంగు మెరుపుతో ఆకుల మీద నిలబడి పరుగులు తీసే పొడుగు కాళ్ల ఈగ ఒకటి. మెరుపు చూసి కందిరీగ అనుకుంటారు, కానీ దాని కళ్లు తలంతా ఆక్రమించి ఉంటాయి, మీసాలు పొట్టివి. పసుపు, నలుపు చారలతో గాల్లో ఒకేచోట నిలబడేది పూల ఈగ. దాని పిల్లపురుగులు పేనుబంకను తింటాయి కాబట్టి అదీ మనదే, కానీ కందిరీగ కాదు. నల్లగా నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉండి, వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలతో వచ్చేది కుట్టని తేనెటీగ. గోడ పగుళ్లలోనో కరెంటు మీటరు పెట్టెలోనో దాని పట్టు ఉంటుంది. తొలకరికి లేచే రెక్కల చీమలకి కూడా మోచేతిలా వంగిన మీసాలుంటాయి, అయితే వాటి నడుము మీద గుబ్బలా ఒకటో రెండో కణుపులు పైకి లేచి ఉంటాయి.

రెక్క మీద ఈనెలు

కందిరీగ అని తేలాక నేను మొదట చూసేది రెక్క. సీసాను కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని ముందు రెక్క చూడండి. రెండే ప్రశ్నలు. ఈనెలు గళ్లుగళ్లుగా ఉన్నాయా, లేక పై అంచు వెంట ఒక్క గీత తప్ప రెక్కంతా ఖాళీగా ఉందా?

గళ్లుండి, పై అంచులో ముదురు మచ్చ ఉండి, మీసాలు తిన్నగా దారంలా చాలా కణుపులతో ఉంటే అది ఇక్న్యూమోనిడే లేదా బ్రాకోనిడే కుటుంబం. ఒక్క గీతే ఉండి మీసాలు మోచేతిలా వంగి ఉంటే చాల్సిడ్ల గుంపు. ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం పని అయిపోయినట్టే. ఫొటో పంపి పేరడిగేవాళ్లకు నేను తిరిగి అడిగేది కూడా రెక్క గురించే.

ఇక్న్యూమోనిడ్‌నీ బ్రాకోనిడ్‌నీ విడదీయడానికి రెక్క కొసవైపు కింది సగంలో చూడాలి. అక్కడ అడ్డంగా ఇంకో చిన్న ఈనె ఉంటే ఇక్న్యూమోనిడ్, లేకపోతే బ్రాకోనిడ్. పెద్ద వాటిలో భూతద్దానికి బాగానే అందుతుంది. సైజు కూడా కొంత సాయం చేస్తుంది. మన వైపు ఇక్న్యూమోనిడ్లు ఎక్కువగా బియ్యపు గింజకి పైమాటే. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలతో వరిచేల గట్ల మీద తిరిగే జాంథోపింప్లా ఈ కుటుంబానిదే. కాండం తొలిచే పురుగు, ఆకుముడత పురుగు ప్యూపాల్లో, అంటే గొంగళిపురుగుకి రెక్కలొచ్చే ముందు తినకుండా ఒకచోట ఉండిపోయే దశలో, గుడ్లు పెడుతుంది.

మిద్దె తోటలో మీకు ఎక్కువగా కలిసేది బ్రాకోనిడ్లలో పేనుబంక మీద పడే చిన్న రకం. రెండు మూడు మిల్లీమీటర్లు, సన్నటి ఒళ్లు, గోధుమ నలుపు. దాని వేట చూడాలంటే పేనుబంక పట్టిన ఆవ కొమ్మ ముందు కూర్చోండి. మెల్లగా నడుస్తూ ఒక్కో పేనునీ మీసాలతో తడుముతుంది. నచ్చినది దొరకగానే నాలుగు కాళ్ల మీద లేచి, పొట్టను తన కాళ్ల మధ్య నుంచి కిందుగా ముందుకి వంచి, తల దాటించి పేను ఒంట్లోకి ఒక్క పోటు పొడుస్తుంది. కన్నుమూసి తెరిచే లోపు అయిపోతుంది. పేను కాళ్లు విదిలిస్తుంది, ఒక్కోసారి కొమ్మ మీంచి జారి పడిపోతుంది కూడా. పేనుబంక దగ్గర చీమలు కాపలా ఉంటే మాత్రం కందిరీగను నిలవనివ్వవు. అందుకే కుండీ కాళ్లకి గ్రీజు పూసి చీమల రాకపోకలు ఆపడం నా తోటలో మొదటి పని.

చాల్సిడ్లలో తేలిగ్గా పట్టుబడేవి

చాల్సిడ్లు పెద్ద సముద్రం. అన్నిటికీ పేర్లు పెట్టాలని చూస్తే ఎక్కడికీ చేరలేం. గుర్తుపట్టడానికి వీలైనవి చాలు.

మొదటిది బ్రాకిమేరియా. నలుపు, బొద్దుగా, నాలుగైదు మిల్లీమీటర్లు. కొత్తిమీర పూల మీద దీన్ని దాదాపు ప్రతి తోటలో చూడొచ్చు. వెనక కాళ్ల తొడలు ఒంటికి మించి ఉబ్బి ఉంటాయి, వాటి మీద పచ్చటి పసుపు మచ్చ. ఆ మచ్చను పుప్పొడి అనుకుని తేనెటీగ లెక్కలో వేసేస్తుంటారు. భూతద్దంలో చూస్తే తొడ కింది అంచున రంపం పళ్లలా వరస కనిపిస్తుంది, అదే కాలి కింది భాగం దానికి సరిపోయేలా వంగి ఉంటుంది. ఒళ్లంతా సూదితో పొడిచినట్టు గుంటలు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పువ్వు మీద నింపాదిగా కూర్చుంటుంది, ఫొటోకి సహకరిస్తుంది. సీతాకోకచిలుకలు, రెక్కల పురుగుల ప్యూపాల్లో గుడ్లు పెడుతుంది. కొబ్బరిని తినే నల్లతల గొంగళిపురుగు ప్యూపాల మీద పడే బ్రాకిమేరియాలు కోనసీమలోనూ ఉన్నాయి.

రెండోది ఎన్సిర్టిడే. ఆవగింజంత లేదా ఇంకా చిన్నవి. వీటి గుర్తు గెంతడం. ప్లేటులో పడగానే ఎగరకుండా టపుక్కున గెంతి మాయమైతే ఇదేనని అనుమానించండి. పక్కనుంచి చూస్తే రొమ్ము పక్క భాగం ఒకే పలకలా నున్నగా ఉబ్బి కనిపిస్తుంది, గెంతడానికి కావాల్సిన కండ దాని వెనకే ఉంటుంది. పిండినల్లికి అసలు శత్రువులు వీళ్లే. 2008లో కోయంబత్తూరు వైపు బయటపడిన బొప్పాయి పిండినల్లి బొప్పాయి తోటల్నీ మల్బరీనీ ఊడ్చేస్తుంటే, 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే చిన్న నారింజపసుపు కందిరీగను తెప్పించి వదిలారు. మందులకు లొంగని పురుగు దీనికి లొంగింది. మందారం మీదా, బెండ మీదా, వయ్యారిభామ మీదా కనిపించే పత్తి పిండినల్లిని పట్టేది ఎనాసియస్. నల్లగా, పొట్టిగా, తల మీద లోతైన గుంటలతో ఉంటుంది.

మూడోది పచ్చగా, నీలంగా లోహంలా మెరిసేవి. ఇందులో టెరోమాలిడే, యూలోఫిడే ముఖ్యం. కాలి పాదంలో ఎన్ని కణుపులో లెక్కపెట్టగలిగితే యూలోఫిడ్‌కి నాలుగు, టెరోమాలిడ్‌కి ఐదు. భూతద్దంతో అది కష్టం. నేను "మెరుపు చాల్సిడ్" అని రాసుకుని ఊరుకుంటాను. టమాటా ఆకుల్లో తెల్లటి వంకరటింకర గీతలు పెట్టే పాముపొడ పురుగును లోపలే పట్టేవాటిలో యూలోఫిడ్లు ఉన్నాయి.

ఇంట్లోనే, బాత్రూమ్ కిటికీ దగ్గర ఎగిరే నల్లటి పొడుగు కాళ్ల పురుగు ఒకటుంటుంది. చిన్న పొట్ట వీపు మీద నుంచి వేలాడుతున్నట్టుంటుంది, దాన్ని జెండాలా కిందికీ పైకీ ఊపుతుంది. అది ఇవానియా, చాల్సిడ్ కాదు, వేరే గుంపు కందిరీగ. బొద్దింక గుడ్ల సంచీలో గుడ్లు పెడుతుంది. చీపురు తీయకండి.

పూల మీద వెతికినా దొరకనివి

ట్రైకోగ్రామా పేరు రైతులందరికీ తెలుసు. ట్రైకోకార్డు కత్తిరించి ఆకులకి పిన్ను కొడతారు కదా, ఆ ఒక్క కార్డు మీద ఇరవై వేల దాకా బియ్యపు రెక్కల పురుగు గుడ్లుంటాయి, వాటిలో పెరిగే కందిరీగ అది. సైజు అర మిల్లీమీటరు. కళ్లు ఎర్రగా ఉంటాయి. పూల మీద దీన్ని వెతకడం దండగ. రెక్కల పురుగు గుడ్లు వెతకండి. లేత రంగు గుడ్లలో కొన్ని నల్లబడి ఉంటే ట్రైకోగ్రామా పని అయ్యుండొచ్చు. కరివేపాకు లేత ఆకు మీద నిమ్మ సీతాకోకచిలుక పెట్టిన ఒంటరి గుండ్రటి గుడ్డు కూడా ఒక్కోసారి నల్లబడి ఉంటుంది. అయితే తొందరపడకూడదు. మామూలు గుడ్డు కూడా పొదగబోయే ముందు ముదురుతుంది, లోపలి పిల్ల తల కనిపిస్తుంది. రెండు రోజులు ఆగితే తేలిపోతుంది.

ఇంతకంటే చిన్నవి మైమరిడే కుటుంబంలో ఉన్నాయి. సన్నటి పుల్లలాంటి రెక్క, దాని చుట్టూ పొడవాటి వెంట్రుకల కుచ్చు. పచ్చదోమలు, సుడిదోమల గుడ్లను వెతుక్కుంటాయి. మనకి తెలిసిన కీటకాలన్నిటిలో చిన్నది ఈ కుటుంబంలోదే. 1997లో అమెరికాలోని ఇలినాయ్ నుంచి వర్ణించిన ఒక జాతిలో మగది 0.139 మిల్లీమీటర్లు. రెక్కలూ లేవు, కళ్లూ లేవు. ల్యాబ్‌లో చూసిన ఏకకణ జీవుల్లో దీనికంటే పెద్దవి ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు.

పురుగు కన్నా అది తిన్నదాన్ని చూడండి

ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఇది. కందిరీగను చూసి పేరు చెప్పడం కన్నా, అది ఏ పురుగులోంచి వచ్చిందో చూసి చెప్పడం చాలా సులువు. పూల మీద తేనె తాగేటప్పుడు అందరూ ఒకేలా ఉంటారు.

చిక్కుడు కాడ మీద పేనుబంక గుంపులో కొన్ని పేలు ఉబ్బి, గోధుమ బంగారు రంగులో, గుడ్డి గవ్వల్లా కదలకుండా అతుక్కుని కనిపిస్తాయి. అవి చచ్చిన పేల పెంకులు. లోపల బ్రాకోనిడ్ పెరుగుతోంది. పెంకు నల్లగా ఉంటే లోపలున్నది ఎఫెలినస్ అనే చాల్సిడ్. పెంకు వెనక వైపు గుండ్రటి కన్నం, అంచున మూతలా వేలాడే ముక్క కనిపిస్తే మన కందిరీగ క్షేమంగా బయటికెళ్లింది. కన్నం అంచు కొరికినట్టు గరుకుగా ఉంటే కథ వేరు. ఆ కందిరీగనే తిన్న ఇంకో కందిరీగ వచ్చిందన్నమాట. శత్రువుకి శత్రువు మిత్రుడు అంటారు, ఆ మిత్రుడికీ ఇంకో శత్రువుంటాడు.

గొంగళిపురుగు ఒంటికి తెల్లటి, లేత పసుపు బియ్యపు గింజల్లాంటివి అతుక్కుని ఉంటే గుడ్లనుకుని మొత్తం నలిపేస్తారు. అవి గుడ్లు కావు, దాని ఒంట్లోంచి బయటికొచ్చి కందిరీగ పిల్లలు అల్లుకున్న గూళ్లు. ఆ గొంగళిపురుగు ఇక ఆకు తినదు. ఆముదం మీది దాసరి పురుగు తోక వైపు కింద ఒక్క గూడు అతుక్కుని ఉంటుంది. అది మైక్రోప్లైటిస్ అనే బ్రాకోనిడ్. ఆముదం వేసే రైతులకు ఇది కళ్లకు అలవాటైన దృశ్యం.

మా తమ్ముడి తోటలో కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ పట్టినప్పుడు ఆకుల మీద నల్లటి మసి చూసి వాడు బెంగపడ్డాడు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మొదట కనిపించిన దోమ అది, తర్వాత మన గోదావరి జిల్లాలకూ వచ్చింది. దానికి ఎన్కార్సియా గ్వాడలూపే అనే కందిరీగ ఉంది, మిల్లీమీటరు కూడా ఉండదు. పురుగును చూడనక్కర్లేదు. ఆకు ముక్క తెచ్చి అద్దం కింద పెడితే చాలు. దోమ పిల్లలు తెల్లగా ఉండాల్సిన చోట నల్లబడి ఉంటే లోపల ఎన్కార్సియా ఉంది. ఖాళీ పెంకు మీద ఇంగ్లీషు టీ అక్షరంలా చీలిక ఉంటే దోమ ఎగిరిపోయింది, గుండ్రటి కన్నం ఉంటే కందిరీగ ఎగిరింది. "అక్కా, మందు కొట్టించనా?" అని అడిగినప్పుడు ఆ కన్నాలే చూపించాను. తోటలో ఏ మూల ఎక్కువ నల్లబడ్డాయో అక్కడి ఆకుల్ని కోయించి తెల్లగా ఉన్న చెట్లకి కట్టించాడు.

మీరే పొదిగించుకోవడం కష్టం కాదు. పెంకులున్న ఆకు ముక్కను గాజు సీసాలో వేసి, నోటికి మస్లిన్ గుడ్డ కట్టి, నీడలో పెట్టండి. ఆకు ఎక్కువ వేస్తే చెమ్మ పట్టి బూజొస్తుంది, ఒక టిష్యూ ముక్క కూడా వేయండి. సాధారణంగా వారం పది రోజుల్లో బయటికొస్తాయి. ఒక్కో సీసాలో ఒకే రకం పురుగు వేయాలి, లేకపోతే ఏది దేన్లోంచి వచ్చిందో తెలియదు. బతికే ఉన్నవి కొత్తిమీర పూల దగ్గరే వదలండి.

అన్నీ మిత్రులే అనుకోకండి. కొన్ని ఎన్సిర్టిడ్లు పేనుబంకను తినే అక్షింతల పురుగు పిల్లల్లోనే గుడ్లు పెడతాయి. అదే చాల్సిడ్ల గుంపులో పూర్తిగా మొక్కను తినేవీ ఉన్నాయి. జామాయిల్ ఆకు కాడల మీద బుడిపెలు లేపే లెప్టోసైబీ యూలోఫిడ్ కుటుంబానిదే. మేడిపండు చీలిస్తే బిలబిలమని వచ్చే నలుసులు కూడా చాల్సిడ్లే, కానీ అవి లేకపోతే మేడికి గింజే కట్టదు.

ఫొటో, పేరు, సీసా

ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్ చాలు. మూడు కోణాలు తీయండి: పైనుంచి, పక్కనుంచి, రెక్క పరిచి ఉన్నప్పుడు ఒకటి. పక్కనుంచి తీసిన ఫొటోలోనే నడుము, తొడ, వెనక సూది కనిపిస్తాయి. సూది పొట్ట చివర తోకలా కనిపిస్తే ఆడది. పక్కన గసగసమో ఆవగింజో పెట్టి ఒక ఫొటో తీస్తే సైజు గొడవ ఉండదు. ఏ మొక్క మీద దొరికిందో, ఆ మొక్కకి ఏ పురుగు పట్టి ఉందో రాయని ఫొటో పంపి పేరు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

కుటుంబం దాకా వచ్చారంటే ఇంట్లో కూర్చుని చేయగలిగింది చేసినట్టే. జాతి పేరు కావాలంటే మైక్రోస్కోపు కింద మీసాల కణుపులు లెక్కపెట్టే నిపుణులు చూడాలి. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉంది, ఈ పని అక్కడ చేస్తారు.

పసుపు జిగురు అట్టలు పెట్టేవాళ్లు ఓసారి వాటిని భూతద్దంతో చూడండి. తెల్లదోమలతో పాటు చాల్సిడ్లు కూడా అతుక్కుని ఉంటాయి. పూతలో ఉన్న గొడుగు పూల పక్కన అట్ట పెట్టవద్దు. వేపనూనె, సబ్బు నీళ్లు కొట్టాల్సి వచ్చినా సాయంత్రం పూట, పురుగున్న కొమ్మ వరకే కొట్టండి, పూల మీద పడనివ్వకండి. కొత్తిమీర ఒకేసారి కాకుండా రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెం చల్లుతూ పోతే చలికాలమంతా ఏదో ఒక మడి పూతలో ఉంటుంది.

నిపుణులకి పంపాలనుకున్న పురుగును ఎండబెట్టకండి, మీసాలు విరిగిపోతాయి. చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి అందులో వేయండి. లేబుల్ బయట అంటించకుండా, తేదీ, ఊరు, మొక్క, ఏ పురుగులోంచి వచ్చిందన్నది చిన్న కాగితం ముక్క మీద రాసి లోపలే వేయాలి. రాసేది పెన్సిల్‌తోనే. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.